కారణం గడి

కారణం రాసే గడి
నా బొటనవేలంత లేదు.
"ఇంటి ఇబ్బందులని రాయమ్మా, అందరదే రాస్తరు"
అన్నడు క్లర్కు పెంటయ్య,
చాయ సాసర్ల వోసుకుంట.

నేను 'మెట్లు' అని రాసిన.

దేవరకొండ కాలేజీల కెమిస్ట్రీ ల్యాబు
మూడో అంతస్తు. యాభై నాలుగు మెట్లు.
మర్రిగూడ బోరునీళ్లు తాగిన మోకాళ్లు
ఇరవయ్యోదాని కాడ ఆగి
లెక్క మర్చిపోతయి.
నేను పైకి వోయేసరికి
టెస్ట్‌ట్యూబుల రంగు మారి, మల్ల మారి
అందరి రికార్డులల్ల ఎక్కి కూసుంటది.

నల్లగొండల ల్యాబు కిందనే ఉన్నదట,
శశిరేఖ చూసొచ్చి చెప్పింది,
వాకిట్లకెల్లి సక్కగ లోపలికే.

ప్రిన్సిపాల్ సారు ఫారం రెండుసార్లు సదివిండు,
నా కాళ్ల దిక్కు సూడకుండ
సంతకం వెట్టిండు.

బస్సుల టీసీ విప్పి సూసిన.
నడత: బాగున్నది.
కొండమల్లేపల్లి దాంక
నవ్వుకుంటనే వచ్చిన.