ఆరడుగుల తాడు

దరఖాస్తులో ఒక గడి ఉంది:
బోధకుడు ఎందుకు కావాలనుకుంటున్నారు?
వేలెడంత జాగా ఇచ్చారు.
ఊరికి సేవ, అని రాసి
పెన్నుకు మూత పెట్టేశాను.

వేలిముద్రలు తీసుకున్నారు.
పోలీసు రికార్డులు తిరగేశారు.
నలభై ఏళ్ళ వేటలో ఒక్క జరిమానా లేదు,
గురి తప్పిన తూటా ఎవరి గోడనూ తాకలేదు.
కాగితం మీద నేను కడిగిన ముత్యాన్ని.

జీతం లేదు. ఒక నారింజ రంగు కోటు,
వెనక అక్షరాలున్నది, ఇస్తారు.
అదీ ఏడాది ఒడీల్ పక్కన కూర్చున్నాకే.

ఒడీల్ ఒకప్పుడు స్కూలు బస్సు నడిపింది.
మేన్ ఉత్తరపు కొసన, నది దాటితే కెనడా,
ఫైరు స్టేషను మేడ మీద
ఆరేసిన నీటి గొట్టాల వాసనలో
మడత కుర్చీలేసి పాఠం చెప్పేది.
"ఖాళీగా ఉన్నానని తుపాకీయే ఒట్టేసినా
నమ్మకండి, తెరిచి చూడండి."
పిల్లలు నవ్వేవారు. తను నవ్వేది కాదు.

నాకు మొదట కుర్చీలు అప్పజెప్పింది.
తరువాత దిక్సూచి.
తరువాత నెత్తురు ఆపడం.
మార్చిలో, నది మీద మంచు ఇంకా పగలకముందు,
"ఉచ్చుల పాఠం నువ్వు చెప్పు" అంది.
గొంతులో వెలక్కాయ పడింది.
పంటి నొప్పన్నాను.
ఫ్రెంచిలో ఏదో తిట్టి, లవంగం చేతిలో పెట్టింది.

ఇరవై ముగ్గురు పిల్లలు.
మూడో వరసలో జొసెట్,
మా పక్కింటి గ్యాస్టన్ కూతురు.
ఇప్పుడు పదమూడేళ్ళు.

ఆ నవంబరులో ఏడు.
బాటకి ఎంత దూరముండాలని చట్టం చెప్పిందో
అంతకు నాలుగడుగులు ఎక్కువే జరిగి
ఉచ్చు పెట్టాను.
చట్టం నాకు తెలుసు. కుక్కకు తెలియదు.

కేక విని పరిగెత్తాను.
రెండు చేతులా ఇనుము పట్టుకు లాగాను.
దాన్ని తెరిచే పట్టకారు ట్రక్కులో ఉంది,
ట్రక్కు గుట్ట దిగువన ఉంది.
తెచ్చేసరికి
జొసెట్ మంచులో కూర్చుని ఉంది,
కుక్కను కట్టే తాడు పిడికిట్లో బిగించి.

ఆ తాడే చాలని
నాకు నేర్పింది ఒడీల్, అయిదేళ్ళ తరువాత:
స్ప్రింగు రెండు కళ్ళలోంచీ తాడు దూర్చు,
తిప్పి మళ్ళీ దూర్చు,
కొసను బూటు కింద తొక్కి పట్టు, లాగు,
కొక్కెం వెయ్యి. రెండో పక్కా అంతే.
చూపించి కాఫీ తాగడానికి వెళ్ళిపోయింది.
నేను ఆ గదిలో చాలాసేపు
తాడును చూస్తూ ఉండిపోయాను.

పాఠం చెప్పాను. గొంతు నాది కాదనిపించింది.
గుడ్డ కుక్కబొమ్మ మెడకు ఉచ్చు బిగించి
ఎవరు విప్పుతారు, అన్నాను.
లేచింది ఆమె.

మొదటిసారి తాడు జారింది.
"ఇంకోసారి" అంది, నాతో కాదు, ఇనుముతో.
ఒడీల్ గడియారం పట్టుకుంది.
నలభై ఒక్క సెకన్లు.
"ఇంకోసారి."
ఇరవై తొమ్మిది.

అప్పుడు నా వైపు చూసింది.
"ఆ రోజు మీకిది తెలుసా?"

గదిలో ఎవరో చిప్స్ నమలడం ఆపారు.
ఒడీల్ గడియారం జేబులో వేసుకుంది,
సాయానికి రాలేదు.

"తెలియదు" అన్నాను.
"తెలుసుకోవాల్సింది. ఉచ్చు పెట్టకముందే."

సరే అనలేదు. పరవాలేదు అనలేదు.
మోచేతికీ బొటనవేలికీ మధ్య తాడు చుట్ట చుట్టి
బల్ల మీద పెట్టి
తన కుర్చీలోకి వెళ్ళి కూర్చుంది.
వెనక వరస కుర్రాడు
బాత్రూముకి వెళ్ళొచ్చా అని అడిగాడు.
వెళ్ళు, అన్నాను.

కోటు ఇచ్చారు. భుజాల దగ్గర కాస్త వదులు.
దాని ఎడమ జేబులో ఆరడుగుల తాడు.
చర్చికి వెళ్ళేటప్పుడు కోటు మారుస్తాను,
తాడునూ మారుస్తాను.