చేతిలో ఒకటి

ఏడూ ఒకటీ కలిపితే సున్నా అంటోంది తెర.
నెల్లూరు పాలిటెక్నిక్, రెండో అంతస్తు,
పదకొండో నంబరు కంప్యూటరు.
మూడూ ఒకటీ నాలుగే. ఎనిమిదీ నాలుగూ పన్నెండే.
ఏడు దగ్గరికొచ్చేసరికే దానికి మతిపోతోంది.

"గేటు పాడైందేమో మే" అంది షంషాద్.
పాడవడానికి అదేమన్నా గేటా, బొమ్మ.
ఒక గడి గీసి మిగతా మూడూ కాపీ కొట్టాం,
ఒకటి సరిగ్గా ఉంటే నాలుగూ సరిగ్గానే ఉండాలి గదా.
అయినా గంటసేపు గేట్ల మీదే అనుమానం.
ఎక్సార్ పీకి మళ్లీ ఎక్సారే పెట్టాం.
ఫ్యాను ఆగింది. తెర ఆరలేదు, అంతవరకు నయం.

పెంచల నరసయ్య సారు మా భుజాల మీదుగా చూసి
"ఒక్కో బిట్టే మార్చుకుంటా పోండి, తొందరేముంది"
అని పక్క బల్లకి పోయారు.

ఒకటీ ఒకటీ.
కుడిచివర గడిలో సున్నా వేసి
చేతిలో ఒకటి పక్కింటికి నడిచింది, తీగంతా చిలకపచ్చ.
మూడూ ఒకటీ. రెండు గడపలు దాటింది.
ఏడూ ఒకటీ. మూడో గడి దాకా పచ్చగా వచ్చి
నాలుగో గడిలోకి పోయే తీగ మాత్రం
నీలం.
ఒకటీ కాదు, సున్నా కూడా కాదు,
ఎవరూ ఏమీ చెప్పని నీలం.

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో లెక్క మా నాన్నది.
చేతికి అయిదు కాయలు. లాభం, రెండు, మూడు...
ఇరవై అనగానే ఒక కాయ విడిగా గోనె అంచున పెడతాడు.
ఆ కాయ ఒకటి కాదు, నూరు.
ఓ ఎండాకాలం సోడాబండి కుర్రాడు
కళ్లెదురుగా ఉంది గదా అని దాన్నే కోసి సోడాలో పిండాడు.
రాశిలో ఒక్క కాయ తగ్గలేదు. లెక్కలో నూరు పోయాయి.
నాన్న చొక్కా గుండీలు రెండు
ఆ రైతు చేతిలోకి వచ్చాయి.

మౌసు చక్రం తిప్పి పెద్దది చేశాం.
తీగ చివరకీ గడి మొనకీ మధ్య
వెంట్రుకవాసి సందు.
దూరం నుంచి అతుక్కునే ఉంటుంది, ఒట్టు.
షంషాద్ లాగి కలిపింది.
ఎనిమిది.

ఆ ఊపులో పదిహేనుకి ఒకటి కలిపాం.
మళ్లీ నాలుగు సున్నాలు.
ఈసారి తీగలన్నీ పచ్చగానే ఉన్నాయి,
ఎడమ చివర, చేరడానికి ఇంకో ఇల్లు లేక
ఒకటి వెలుగుతూ బయట నిలబడి ఉంది.
"దానికో లైటు పెట్టండమ్మా" అన్నారు సారు, తలుపు గొళ్లెం వెతుక్కుంటూ.