తీసేసిన వాక్యాలు

మొదటిసారి ఇలా రాశాను:
అయ్యా, అర్జెంటు, చీటీలు సరిగా రావడం లేదు,
మాది పర్లాకిమిడి, జీడిపిక్కల బట్టీలో లెక్కలు చూస్తాను,
రెండ్రోజులుగా కరెంటు ఒక పూటే ఉంటోంది,
రథ్‌బాబు పొద్దున్నించీ కేకలేస్తున్నాడు.

ఊరూ పేరూ తెలియని ఒకాయన జవాబిచ్చాడు:
ఏం ఇచ్చావు? ఏం రావాలనుకున్నావు? ఏం వచ్చింది?
అంతే. నమస్కారమైనా లేదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు.
తెల్లారాక నవ్వొచ్చింది.
కాటా దగ్గర నేను రోజూ అనేది అదే కదా,
"మీ మరిది గొడవ తర్వాత చెబుదువు గానీ
ముందు బస్తా ఎంత తూగిందో చెప్పు."

మళ్ళీ కూర్చున్నాను, తీసెయ్యడానికి.
కరెంటు తీసేశాను. రథ్‌బాబుని తీసేశాను.
ఎంత సులువుగా పోయాడో!
ఒడియాలో రాసిన పేర్ల సంగతేమిటన్న రెండో ప్రశ్నని
పక్కన కూర్చోబెట్టాను, దాని వంతు దానికుంది.
అర్జెంటు అన్న మాట కొట్టేశాను.
నా తొందర నాది, వాళ్ళ సాయంత్రం వాళ్ళది.

నాలుగొందల వరసల ప్రోగ్రాము.
పప్పు విరక్కుండా పిక్క కొట్టినట్టు
ఒక్కో పెచ్చూ ఊడదీస్తూ పోతే
ఆరు వరసలు మిగిలాయి, తెల్లగా.
తప్పు వాటిలోనే ఉంది, ఎక్కడికీ పోకుండా.

అప్పుడు రాశాను:
చీటీ సన్నం, పేరుని పది దగ్గర కత్తిరిస్తున్నాను.
ఇచ్చింది: గొర్లె అచ్చెమ్మ.
రావాల్సింది: ఐదే అక్షరాలు గనక, మొత్తం.
వచ్చింది: గొర్లె అచ్

ప్రశ్న అంతవరకే.

నేను చదివి వినిపిస్తే అచ్చెమ్మత్త
"ఏటే గుంటా, నా పేరు తుమ్మిందేటి?" అన్నదీ,
బట్టీ బట్టీ అంతా నవ్విందీ,
తుమ్ము తుమ్మే కదాని ఆవిడ గుమ్మంలో ఆగి
నీళ్ళు తాగి మరీ బయల్దేరిందీ
రాయలేదు.

జీడిచమురు తినేసి ఆవిడ వేళ్ళ మీద గీతల్లేవు,
వేలు పెడితే ఏ మిషనూ ఆవిడని ఒప్పుకోదు,
ఆవిడ ఆవిడేననడానికి చీటీ మీద పేరే దిక్కు.
ఇది చెరపడానికి మాత్రం చెయ్యి రాలేదు.
రెండుసార్లు రాసి, రెండుసార్లు చెరిపాను.
జాలి పెడితే జాలికి జవాబొస్తుంది.
నాకు కావాల్సింది అక్షరం.

జవాబొచ్చింది, ఇంకెవరి నుంచో:
నువ్వు ఐదంటున్నావు, మిషను పదిహేనంటోంది.
ఒత్తు వేరు, గుణింతం వేరు, మధ్యలో ఖాళీ కూడా దానికి లెక్కే.
పదోది పొల్లు. అక్కడే తెగింది.
కలిసున్నవాటిని కలిపే లెక్కపెట్టు.

బళ్ళో నాది ఒడియా. తెలుగు ఒత్తులు
మా పెద్దక్క బొగ్గుముక్కతో గచ్చు మీద నేర్పింది,
ముందు చ, దాని కింద ఇంకో చ, నెత్తిన ఎత్వం.
విడివిడిగానే పెట్టించింది.
ఎప్పుడు కలిపి చూడ్డం మొదలుపెట్టానో గుర్తులేదు.
మిషను ఇంకా ఆ గచ్చు మీదే కూర్చుని ఉంది.

ఆయనకి చెప్పాలనిపించింది,
అచ్చెమ్మత్త గురించి, తుమ్ము గురించి,
వానపడితే మహేంద్రతనయ ఎంత ఎర్రగా పారుతుందో.
"పనిచేసింది, మార్చిన వరస ఇదీ" అని మాత్రం రాశాను,
రేపు ఇదే పొల్లు దగ్గర తెగినవాళ్ళెవరైనా వస్తారని.
మిగిలిందంతా ఇక్కడ పెడుతున్నాను,
ఇక్కడ ఎవరూ విషయానికి రమ్మనరు.

శనివారం చీటీలో పేరు
పొల్లు పోకుండా వచ్చింది.
అచ్చెమ్మత్త దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.
"పేరు పొడుగయింది గానీ
కూలి పొడుగవలేదేటే?"

అది వేరే ప్రశ్న.
దాన్ని అడగాల్సిన చోటు వేరు.
రథ్‌బాబు గది తలుపు తీసే ఉంది.
ఏం ఇచ్చాం, ఏం రావాలి, ఏం వచ్చింది.
కాయితం తీసుకున్నాను.
ఆరు వరసలు చాలు.