సభ్యత్వం లేని డిస్క్

ఓర్తా రేవులో ఫిబ్రవరి వాన అడ్డంగా కురుస్తుంది.
అమారో తన కంప్యూటర్‌ని
పసుప్పచ్చ రెయిన్‌కోటులో చుట్టి తెచ్చాడు,
తను మాత్రం తడిసి ముద్దయి.

"ఆన్ చేస్తే చేపల పులుసు ఉడికేంతసేపు పడుతోంది, దియోలిందా.
ఆ కొత్త రకం డిస్కేదో పెట్టు.
లోపలి మూడింటి జోలికి మాత్రం వెళ్ళకు."

ఆ మూడింట్లో పంతొమ్మిదేళ్ళ తిమింగలాలున్నాయి.
వాళ్ళ నాన్న కొండకొమ్మున గూట్లో కూర్చుని
నీటిచిమ్ము కనపడగానే తారాజువ్వ వదిలి
పడవల్ని వేటకి లేపినవాడు.
కొడుకు అదే సముద్రంలోకి
తీగ కట్టి మైకు దించాడు.
టిక్ టిక్‌మని అవి చెప్పుకున్నదంతా
మూడు డిస్కుల మీద పరిచాడు.
ఏ ఒక్కదాంట్లోనూ మాట పూర్తిగా ఉండదు.
ఒకటి పోతే మిగిలిన రెండూ కూడబలుక్కుని
అది ఏమనేదో లెక్కగట్టి చెబుతాయి.
రెండు పోతే
ఇక చెప్పేవాళ్ళు లేరు.

కొత్తది అరచేతిలో పట్టింది.
తిరగదు, గురకపెట్టదు, చెవి ఆనించినా ఏమీ వినపడదు.
సున్నా నంబరు పోర్టుకి తగిలించి
ఎఫ్ టూ నొక్కాను.

నీలి తెర ఒకే ప్రశ్న అడిగింది.
సాటా మోడ్?
ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్.
ఐడీఈకి ఎప్పుడో కాలం తీరింది, వదిలెయ్యండి.
తీగలు నాలుగు, కంట్రోలర్ ఒక్కటే,
నాలిగింటికీ కలిపి ఒకటే జవాబు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా,
ఇలాంటి డిస్కుకి ఏహెచ్‌సీఐ కదా,
ఈ చేత్తో ఎన్ని పెట్టలేదు!
ఎఫ్ టెన్. అవును.

ఎక్కించిన విండోస్ పదకొండు సెకన్లలో లేచి కూర్చుంది.
అమారో బల్ల చరిచి నవ్వాడు.
అప్పుడు తెర నడుమ ఓ చిన్న పెట్టె:
మూడు కొత్త డిస్కులు కనిపించాయి,
ఇనిషియలైజ్ చెయ్యమంటారా?

కొత్తవట.
"ఓకే" బొత్తాం ముందే మెరుస్తూ ఉంది,
మనం వద్దనమని తెలిసినవాడి చెయ్యిలా.

వద్దన్నాను.
"వెళ్ళి కాఫీ పెట్టు" అన్నాను అమారోతో.
అతను వెళ్ళాక గానీ ఊపిరి వదల్లేదు.

మళ్ళీ ఎఫ్ టూ. ఈసారి రెయిడ్.
అప్పుడే ఎక్కించిన విండోస్
తను పడుకున్న డిస్క్ తనకే కనపడక కూలబడింది.
దాన్ని తుడిచి, పెన్‌డ్రైవ్‌లోంచి డ్రైవర్ చూపించి
మొదట్నుంచీ ఎక్కించాను.
రెండు కాఫీలయ్యాయి. వాన తగ్గలేదు.

అప్పుడొచ్చింది ఆ జాబితా:
వాల్యూమ్ పేరు కషలోట్. మూడు డిస్కులు. స్థితి నార్మల్.
దాని కింద ఒంటరిగా కొత్తది,
ఎదురుగా, సభ్యత్వం లేని డిస్క్ అని.
అయినా దాని పరుగు దానిదే.
మూడింటి లెక్కలో చేరమని దాన్ని ఎవరూ అడగలేదు,
అక్కడ్నుంచి లెమ్మనీ అనలేదు.
ఇమడనివి కత్తులు కావు,
నేనే ఒర పేరు తప్పు చదివాను.

సాంతో అంతావ్ దీవి నుంచి నేనిక్కడికొచ్చి ఇరవై ఆరేళ్ళు.
పండగ సంఘం పుస్తకంలో నా పేరు లేదు.
పండగ దీపాలన్నీ నా స్విచ్చు మీదే వెలుగుతాయి.
ఇన్నాళ్ళూ ఇందులో ఏదో ఒకటే నిజం అనుకునేదాన్ని.

అమారో ఓ పాత ఫైలు తెరిచాడు.
టిక్. టిక్ టిక్. చాలాసేపు ఏమీ లేదు. టిక్.
"ఇది ఆడది," అన్నాడు, "దీనికి తొందరుండదు."

బిల్లులో విండోస్ ఒక్కసారికే రాశాను.
ఎందుకంత ఆలస్యమైందో అతను అడగలేదు.
రెయిన్‌కోటు మళ్ళీ దానికే చుట్టి
తడుస్తూ పోయాడు.