పదిహేడో ప్రశ్న

పద్దెనిమిది పేజీల ఫారం, రెండు పెన్నులు,
మెడలో యూనివర్సిటీ కార్డు.
పెదజాలారిపేటలో మా మొదటి ఇల్లు
చోడిపల్లి బండియ్య గారిది.
ఇల్లంటే, ఆ వేళకి, ఆరేసిన వల నీడ.
కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని
చిరుగు కుడుతున్నాడు.
తల ఎత్తకుండానే అన్నాడు:
"రాసుకోండమ్మా. పోయినేడు కూడా ఎవరో రాసుకెళ్ళినారు."

పదహారు దాకా నల్లేరు మీద బండి.
వంటకి ఏం కాలుస్తారు? గ్యాసు. అయిపోతే సరుగుడు పుల్లలు.
నీళ్ళు? కుళాయి. రాని రోజు ఒడ్డున ఇసకలో చెలమ.
"ఉప్పు సముద్రం పక్కన తీపి నీళ్ళా?" అంది హిమబిందు.
దేముడమ్మ లోపలికెళ్ళి చెంబు తెచ్చి
ఆమె చేతిలో పెట్టింది.
అదే జవాబు.

పదిహేడు:
మీ జీవనోపాధికి కొండ మీద, అడవి మీద ఆధారపడతారా?
అవును. కాదు.
అడక్కుండానే 'కాదు' మీద టిక్కు పెట్టబోయాను.
చేపలు పట్టేవాడికి కొండతో పనేంటి?

"కొండ లేకపోతే నాకు కూడే లేదు," అన్నాడు బండియ్య.

సూది పక్కన పెట్టి ఇసకలో వేలితో గీశాడు.
ఇది పేట. ఇది యారాడ కొండ ముక్కు.
అటు సింహాద్రి కొండ, దాని నెత్తిన ఒక గండి.
"ఇక్కడ రెండు తాళ్ళుండేవి.
తాటి మీదకి గండి వచ్చీదాకా తెడ్డెయ్యాల.
యారాడ ముక్కు మీదకి లైటవుసు ఎక్కాల.
రెండూ కుదిరిన సోట, పడవ కింద బండ.
బండ సుట్టూ ఎర్రచేప.
మా తాత దొరికించుకున్నాడు.
నీటి మీద గుర్తెట్టలేం గదమ్మా.
గుర్తులన్నీ గట్టు మీదే."

హిమబిందు యూనిట్ల గడి దగ్గర ఆగిపోయింది.
కిలోలు, మోపులు, బిందెలు.
చూపుని దేంతో కొలుస్తారు?

"తాళ్ళు తుపానుకి పోనాయి.
గండికి అడ్డంగా మేడలొచ్చేసినాయి.
నాలుగు నెల్లు బండ దొరకలేదు.
మావోడు జీపీయెస్సు కొన్నాడు,
అది ఉప్పు తిని సచ్చింది.
మరేటి సేస్తాం, కొత్త గుర్తు ఎతుక్కున్నాను.
అదిగో, ఆ మేడ నెత్తిన నీలం ట్యాంకు.
ఐసు ఫేక్టరీ గొట్టం దాని మీదకి రావాల.
గండి సరిగ్గా దాని ఎనకాతలే ఉన్నాది.
నాకు అగుపడదు గానీ,
ఉన్నాది."

చెయ్యి చాపిన వైపు చూశాను.
తొమ్మిదంతస్తులు. ఐదో అంతస్తు బాల్కనీలో
గులాబీ రంగు తువ్వాలు ఆరేసి ఉంది.
నాదే.

హిమబిందు నా మోచెయ్యి గిల్లింది.
నేను చెప్పలేదు.
ఆయన వణక్కుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ
సంతకం పెట్టాడు.
దేముడమ్మ కాయితంలో చుట్టి నెత్తళ్ళిచ్చింది.
లిఫ్టులో ఆ వాసనకి ఎవరో ముక్కు మూసుకున్నారు.

రాత్రి డాబా ఎక్కాను.
ట్యాంకుని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.
నాచు, కాకిరెట్టలు, ఎవరో ప్లంబరు ఫోన్ నంబరు.
వెనక్కి వెళ్ళి నిలబడితే సింహాద్రి కొండ,
కొరికి వదిలేసిన అప్పంలా దాని గండి.
ముందుకొస్తే సముద్రం,
మూడు దీపాలు.
ఎవరి దారికో అడ్డంగా ఉన్నట్టనిపించి
ఓ పక్కకి జరిగాను.

ఫోన్ మోగింది. అపార్ట్‌మెంట్ గ్రూపు.
ఆదివారం పెయింటింగ్.
ట్యాంకుకి ఈసారి క్రీమ్ కలర్.
అభ్యంతరాలుంటే రాత్రి పదిలోగా చెప్పగలరు.
తొమ్మిది నలభై అయింది.

'నీలమే ఉంచుదాం' అని పెట్టాను.
'ఎందుకు?' అన్నారు నాలుగొందల రెండు వాళ్ళు,
పక్కన ఒక నవ్వు బొమ్మతో.

ఫారం ఇంకా సంచిలోనే ఉంది,
పదిహేడు దగ్గర ఏ టిక్కూ లేకుండా.

'నీళ్ళ కింద ఒక బండ ఉంది' అని మొదలుపెట్టాను.
చెరిపేశాను.
మళ్ళీ అదే రాశాను.