జింకు దిమ్మ

తాళ్ళరేవులో కాలవగట్టున రేకుల షెడ్డు.
ఇనప బల్ల మీద బిగించిన రెండు సిలిండర్ల ఇంజను
పుట్టి బుద్దెరిగి సముద్రాన్ని చూడలేదు.
నీలం డ్రమ్ములో నీళ్ళు తాగి
అదే డ్రమ్ములోకి కక్కుతుంది.
మూడు నెలలుగా పద్దెనిమిది మందిమి
దాన్ని విప్పుతున్నాం, బిగిస్తున్నాం.
ఒక్కోసారి బల్ల మీద ఒక వాషరు మిగిలిపోతుంది,
ఎవరూ నాది కాదంటారు.

పద్దెనిమిదిలో నేనొక్కతెనే ఆడపిల్లని.
హాజరు పట్టీలో అచ్చయిన "శ్రీ" కొట్టేసి
"కుమారి" అని రాశారు, వేరే రంగు సిరాతో.

ఖాదర్‌వలీ మాస్టారు పుస్తకం తెరవరు.
కాకినాడ రేవులో, డ్రెడ్జరు కడుపులో
ఇరవై ఏళ్ళు బతికిన మనిషి.
ఎడం చెవి పోయింది. కుడిది పోతూ ఉంది.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడిని పళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకుంటారు.
"చెవి లేకపోతే ఎముక వింటది.
రెండోదానికి డీజిలు అందట్లేదు, చూడండి."
పదమూడో నంబరు పానాతో వదులు చేస్తే
బుడగలు,
గొట్టంలోంచి ఒకదాని వెనక ఒకటి
నవ్వుతూ వచ్చాయి.

ఆ రాత్రి ఇంట్లో నేనూ
మిక్సీకి ఆనించి పళ్ళతో పట్టుకున్నాను.
పుర్రెంతా పప్పు రుబ్బింది.
"పిచ్చా నీకు?" అంది అమ్మ.

పోయిన కార్తీకంలో
మా నాన్న బోటు మొగ దాటాక ఆగిపోయింది.
రెండు రాత్రులు కొట్టుకుపోయి, మూడో పూట
బలుసుతిప్ప వాళ్ళ తాడు చివర ఊరికొచ్చాడు.
వీధంతా గంగమ్మకి దండం పెట్టింది.
పంపులో రబ్బరు రెక్క విరిగిందట,
మూడొందల యాభై రూపాయలది.
"ఎప్పుడు మార్చావు?" అని నేనడిగితే
దండం పెట్టిన చేతులు అలాగే ఉంచి
నావైపు చూశాడు కామాడి భూలోకం.
అలా చేరాను నేను ఈ షెడ్డులో.

నిన్న జింకు పాఠం.
అరచేతిలో పట్టేంత బూడిదరంగు దిమ్మ.
చుక్కాని పక్కన బిగిస్తే
ఉప్పు ముందు దాన్నే తింటుంది,
ఇత్తడి పంకా జోలికి పోదు.
"అంటే త్యాగం కదండీ," అన్నాడు లంకే సత్తియ్య.
మాస్టారికి కుడి చెవిలోనే పడింది.
"జీతం లేని పనికల్లా ఆ పేరెట్టకురా.
అరిగిందా లేదా చూడటం నీ డ్యూటీ,
అరిగితే మార్చడం నీ డ్యూటీ.
దానిదొక్కటే కోరిక: నీళ్ళు తగలాలి."

ఇవాళ పాటు తీసింది.
బోటు బురదలో పక్కకి ఒరిగి పడుకుంది.
తలకి లైటు కట్టుకుని కిందకి దూరాను.
పీతలు తప్పుకున్నాయి. గుల్లలు మోచేతులు గీశాయి.
జింకు చెక్కు చెదరలేదు.
మూలలు కూడా అరగలేదు, కొన్ననాటి దిమ్మే.
పంకా మాత్రం
అమ్మోరు పోసినట్టు గుంటలు పడి
అంచులు ఎర్రబారి, వేలితో నొక్కితే రాలుతోంది.

లైటు దగ్గరగా పెట్టాను.
దిమ్మ మీద నీలం.
బోటుకి పూసిన నీలమే, రెండు పూతలు,
చివర బ్రష్షు తుడిచిన గీత కూడా.

"నాన్నా, దీనికి రంగేశావా?"
పైనుంచి అంటాడు:
"అన్నిటికీ ఏసి దానికొక్కదానికీ మానేస్తానా?
తుప్పట్టిపోద్దని రెండుసార్లేశాను."

ఏం చెప్పను.
ఉప్పుకాగితం ఇమ్మన్నాను.
గీకుతుంటే నీలం పొట్టు నా కళ్ళలో పడింది,
దాని కింద తెల్లగా, పచ్చి కొబ్బరిలా, జింకు.
"మరి తినేయదా దాన్ని?" అన్నాడు.
"తినాలి నాన్నా.
దసరాకి వచ్చి చూస్తాను, ఎంత మిగిలిందో."
కాసేపు మాట లేదు.
తర్వాత వంగి, పంకా గుంటల మీద వేలు తిప్పి
"కొత్తదెంతుంటది?" అని మెల్లగా అడిగాడు.

పోటు తిరిగింది.
మడమల చుట్టూ నీళ్ళు, గోరువెచ్చగా.
ఇంకో మూల గీకాలి,
లైటు కాస్త ఇటు పట్టు.