ఎడమ ముందుకాలు

పళ్ళు చూసి వయసు చెప్పేది బేరగాళ్ళు.
నేను నాడాలు కొట్టేవాణ్ణి,
చిట్టినగర్ సొరంగం దగ్గర కొలిమి పెట్టి ముప్పై ఏళ్ళు.
ఎడమ ముందుకాలు చేతిలోకి తీసుకుంటే చాలు,
దాన్ని ఎవరు ఎలా దారికి తెచ్చారో
అరచేతికి తెలిసిపోతుంది.

జాన్ సైదా తోలుకొచ్చే గుర్రాలు
ఆ కాలు ముట్టుకోగానే వణుకుతాయి.
ఎందుకో నాకు తెలుసు.
పన్నెండేళ్ళప్పుడు ఆ పగ్గం పట్టింది నేనే,
బ్యారేజీ కింద ఏరు ఎండిపోయిన వైశాఖంలో.

ఆ కాలే మోకాలి దగ్గర మడిచి కడతారు,
కొబ్బరితాడుతో, మూడు చుట్లు.
మూడు కాళ్ళ మీద ఇసుకలో తోలతారు
రైలు వంతెన దాకా, మళ్ళీ వెనక్కి.
పడుతుంది. లేపుతారు.
పడుతుంది.
మూడో రోజుకి, లేవమంటేనే లేస్తుంది.
"చూశావా, బుద్ధొచ్చింది" అని
సైదా వాళ్ళ నాన్న నాకు చెరుకురసం ఇప్పించాడు.
తాగాను. తియ్యగానే ఉంది.

పెళ్ళి ఊరేగింపులకి ఆ గుర్రాలకే గిరాకీ.
కాళ్ళ దగ్గర వెయ్యివాలా పేలినా చెవి కదపవు.
ఎంత నెమ్మదో అంటారు ఆడపెళ్ళివారు.
నెమ్మది కాదమ్మా అది.
ఇంట్లో దీపం వెలుగుతోంది, మనిషి లేడు.

కృష్ణలంకలో నూరున్నీసా,
జట్కా మహబూబ్ చిన్న కూతురు,
ఎర్ర ఆడగుర్రం ఒకటి కొని
పాకలో దానికి వీపు పెట్టి కూర్చుంది
వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ.
రోజూ.
"గుర్రానికి నువ్వా, నీకు గుర్రమా కాపలా?" అని వీధంతా నవ్వింది.
పదిహేడో రోజు
వెచ్చటి ముక్కొకటి భుజానికి తగిలిందట.
జీను ముందు వాసన చూడనిచ్చింది, వారం.
కరిచిన రోజు అరిచింది కూడా,
అరిచి, తనే పక్కకి జరిగింది.

మొదటి పెళ్ళిలోనే పరువు పోయింది.
గుణదలలో టపాకాయకి ఎగిరింది గుర్రం.
పెళ్ళికొడుకు తలపాగా మురిక్కాలవలో.
నాలుగు వేల కిరాయి ఎగ్గొట్టారు.
"కాలు కట్టుంటే ఇంత జరిగేదా?" అన్నాడు సైదా.
జవాబు నా దగ్గరా లేదు.
ఒక్కటి మాత్రం చూశాను:
తెగిన పగ్గంతో, ఏలూరు రోడ్డు ఆటోల మధ్య,
పారిపోలేదది,
నూరున్నీసాని వెతుక్కుంటోంది.

మర్నాడు పొద్దున్నే నా దగ్గరికి తెచ్చింది,
కళ్ళు వాచి ఉన్నాయి పిల్లకి.
నేనింకా వంగనే లేదు,
గుర్రం తనంతట తనే కాలెత్తి
నా చేతిలో పెట్టింది.
పెట్టి, ఒరిగింది.
ఎంత బరువో!
భయపడ్డ గుర్రం బరువు ఇవ్వదు,
ఆ సంగతి నాకు ఇన్నేళ్ళూ తెలీలేదు.

మేకు పట్టిన వేళ్ళు నిలవలేదు.
"కాసేపాగమ్మా" అన్నాను,
"కొలిమి ఇంకా రాజుకోలేదు."

అప్పటికే ఎర్రగా మండుతోంది కొలిమి.